సిద్ధాంతిగారి వాన యంత్రం

గుర్రం కదలడం లేదు. ఏ బొత్తాం నొక్కితే కదులుతుందో ఆయన వేళ్లకి తెలుసు, నా వేళ్లకి తెలియదు, ఈ నల్ల ఆట రిమోట్ మీద ఇన్ని బొత్తాలెందుకో, నొక్కిందల్లా నొక్కుతున్నాను, గుర్రం పక్కన నిలబడ్డ మనిషి ఓసారి టోపీ సర్దుకున్నాడు, ఓసారి వంగి కూర్చున్నాడు, ఓసారి ఈల వేశాడు, గుర్రం మాత్రం తోక ఆడిస్తూ నన్ను లెక్కచేయకుండా నిలబడింది. పక్కగదిలో చుట్టాలు పెద్దకర్మ భోజనాలు ముగించి ఎక్కడివాళ్లక్కడ చాపల మీద ఒరిగారు. ఎవరిదో గురక. పెరట్లో వంటవాళ్లు గుండిగలు తోముతున్న చప్పుడు. మే నెల ఎండకి కొబ్బరాకు కూడా కదలడం లేదు. నేను టీవీ గొంతు నొక్కేసి, తలుపు దగ్గరగా వేసి, ఆయన రోజూ కూర్చునే చోటికి కొంచెం పక్కగా, మంచానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. ఇప్పుడు ఎవరైనా తలుపు తోస్తే ఏమంటారో నాకు తెలుసు. మొగుడు పోయి పట్టుమని నెల కాలేదు, టీవీలో గుర్రాలాట ఆడుతోందంటారు. అననీ. పొద్దున్న రేవులో కాకికి మాటిచ్చింది నేను, వాళ్లు కాదు.

కాకి రాలేదు మరి. వైనతేయ గోదావరి ఒడ్డున విస్తరిలో పిండం పెట్టి మా మరిది చరణ్ వెనక్కి జరిగాడు, అందరం దూరంగా నిలబడ్డాం, కాకులు లేక కాదు, కట్టేసిన పడవ అంచు మీద వరసగా కూర్చుని మెడలు తిప్పి మమ్మల్ని చూస్తున్నాయి, ఒక్కటీ దిగదు. పోయిన మనిషికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు, అదేమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెబితే గానీ కదలదంటారు, అంచేత పెద్దవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి గాలిలోకి మాటలివ్వడం మొదలుపెట్టారు. మా ఆయన పెదనాన్న గోవిందరాజులు గారు అందరికంటే ముందు. "ఒరే వీరబాబూ, తోట అమ్మంరా, నువ్వు బెంగెట్టుకోకు" అన్నారు. ఆయనకి తోట మీద బెంగ ఎప్పుడుంది కనక? "తమ్ముడి పెళ్లి మేం దగ్గరుండి చేస్తాంరా" అన్నారు. కాకి ముక్కుని పడవకి రాసుకుంది. "అమ్మాయిని మా ఆడపిల్లలా చూసుకుంటాంరా" అని నా వైపు చెయ్యి చూపించారు, నాకు ఒళ్లు మండింది, ఏడుపు మధ్యలో ఒళ్లు మండడమేమిటో, పెళ్లయిన దగ్గర్నుంచీ మలికిపురంలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని, నన్నెవరో చూసుకోరని ఆయన కాకిరూపంలో వచ్చి అలుగుతారా? మా అత్తగారు బుల్లెమ్మ గారికి మాత్రం కాఫీ తట్టింది. "వాడికి పొద్దున్నే కాఫీ పడందే చెయ్యాడదండీ, కాఫీ ఎట్టలేదు మనం, ఎవరన్నా ఎల్లి అట్టుకురండి" అన్నారు. మోటారు సైకిలు మీద ఫ్లాస్కు వచ్చింది. విస్తరి పక్కన గ్లాసు పెట్టారు. కాఫీ మీద మీగడ కట్టింది గానీ కాకి రాలేదు. ఎండెక్కుతోంది, కర్మ చేయించే బ్రహ్మగారు గడియారం చూసుకుంటున్నారు, అత్తగారు "ఏం కావాలిరా నాన్నా, చెప్పరా" అని కాకిని బతిమాలుతుంటే ఆ గొంతు వినలేక తల పక్కకి తిప్పుకున్నాను, అప్పుడు తట్టింది నాకు. పైకి ఎలా అనను అంతమందిలో? పెదవులు మాత్రం కదిపి, "సిద్ధాంతిగారి మీట నేను లాగుతానండి, ఇవాళే లాగుతాను" అన్నాను. ఒక కాకి దిగింది. నడుచుకుంటూ వచ్చి, విస్తరి చుట్టూ తిరిగి, ముట్టింది. "తోట బెంగేనండి, నే చెప్పలేదూ" అన్నారు గోవిందరాజులు గారు చెమట తుడుచుకుంటూ. అందరూ ఆయ్, అవునవునన్నారు. నేనూ తలూపాను.

సిద్ధాంతిగారంటే మా ఊరి మనిషి కాదు, ఈ టీవీలో మనిషే. ఎప్పటిదో అమెరికా, ఎండిపోయిన నేల, గుర్రాలూ తుపాకులూ, ఎటు కావాలంటే అటు పోవచ్చు, అడ్డేవాళ్లుండరు, ఆట అంతా అదే. అందరూ అందులో దొంగల్ని తరుముతారట, బంగారం తవ్వుతారట, మా ఆయన మాత్రం దారిలో కనిపించిన ప్రతి తిక్కమనిషికీ పనులు చేసిపెడుతూ తిరిగేవారు. ఆ తిక్కవాళ్లలో ఒకాయన ఈ ముసలాయన. పగిలిన కళ్లద్దాలు, చింపిరి కోటు, గుడిసె నిండా గొట్టాలు. వాన కురిపించే యంత్రం తయారుచేస్తున్నాడు. ఏ పూట వెళ్లినా ఆకాశం వైపు చూసి రేపు తప్పకుండా పడుతుందంటాడు, అందుకని మా ఆయన సిద్ధాంతిగారని పేరు పెట్టారు. సిద్ధాంతిగారికి రాగి తీగ కావాలంటే తంతి స్తంభాలెక్కి తెచ్చారు, గాజు జాడీలు కావాలంటే సారా దుకాణంలో తన్నులు తిని తెచ్చారు, కూలిపోయిన చర్చిలోంచి గంట ఊడబెరికి గుర్రం మీద వేసుకొచ్చారు. ఇంట్లోకి పంచదార తెమ్మంటే మర్చిపోయే మనిషి! నేను దెప్పితే నవ్వేవారు. పగలంతా కొబ్బరి వ్యాపారం, కాయల దింపు ఎప్పుడు, పీచు ఒలుపుకి మనుషులొచ్చారా, లారీ ఏదీ, చెవికి ఫోను అతుక్కుపోయి ఉండేది, సాయంత్రం స్నానం చేసి వచ్చి ఇక్కడ కూర్చుని ఈ ఆట తెరిస్తే ఆ ముఖమే వేరు. "చూడు హారికా, కంటికి ఎంత దూరం కనపడుతుందో. ఒక్క కొబ్బరిచెట్టు లేదు. మనకిక్కడ పక్కింటి కోడిని చూడాలన్నా ఆకులు తప్పించి చూడాలి" అనేవారు. "ఈ ముసలాయన్ని మనూరు పంపించాలే. పొద్దున దిగితే మధ్యాన్నానికి వానకి కాలవగట్టు తెగి ఉద్యోగం ఊడిపోద్ది." ఆ మాటకి ఇద్దరం పడీపడీ నవ్వాం, నవ్వుతుంటే నా చేతిలోని జవాబు పేపర్లు జారిపోయాయి. అది ఆఖరి శనివారం. యంత్రం తయారైపోయింది, కొండ మీదికి తీసుకెళ్లి మీట లాగడమొక్కటే మిగిలింది, ఆయన లాగలేదు, ఆట ఆపేశారు. అదేమిటండీ అంటే, "రేపు ఆదివారం కదా, కాఫీ తాగి ఇద్దరం కూర్చుని లాగుదాం. వాన పడకపోతే ఆ ముసలాయన మొహం నేనొక్కణ్ణే చూడలేను" అన్నారు. తెల్లవారుజామున గుండె పట్టుకున్నారు. రాజోలు ఆసుపత్రికి చేరకుండానే, ఆటోలో, నా ఒళ్లోనే పోయారు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషికి మీట లాగడానికి ఒక్క పూట దొరకలేదు.

మాటైతే ఇచ్చాను గానీ ఇక్కడికొచ్చి కూర్చున్నాక చేతులాడడం లేదు. బొత్తాలు తెలియక ఒకటి, ఇంకోటి ఏమిటంటే ఈ ఆటలో వెనక్కి వెళ్లడం లేదు. ఆయనే చెప్పారు ఓసారి, ఇందులో చేసింది చేసిందే, ఒక పని పూర్తవగానే దానంతటదే రాసేసుకుంటుంది, ముందున్నది చెరిగిపోతుంది, ఇంకోసారి అక్కడికి పోలేం అని. నేను ఆట తెరవగానే ఆయన ఆపిన శనివారం సాయంత్రం తారీఖుతో సహా కనిపించింది. ఈ మనిషి ఈ నీళ్లతొట్టి పక్కన ఇలా ఎడమకాలు ముందుకేసి నిలబడింది ఆయన నిలబెడితేనే. ఈ పచ్చచొక్కా ఆయన వేసిందే. ఈ గడ్డం ఆయన పెంచిందే, తన మొహాన పెంచుకుంటే నేను ఊరుకోనని వీడికి పెంచారు. ఇంట్లో ఇంకేం మిగిలింది? ఆ రోజు విప్పిన చొక్కా ఎవరో పుణ్యాత్ములు ఉతికేశారు, తలగడ గలేబు మార్చేశారు, సగం తాగిన మంచినీళ్ల సీసా పారబోశారు, తప్పని ఎవర్ననను, చావింట్లో శుభ్రం చేయడమే పని. ఆయన చెయ్యి పెట్టి వదిలింది వదిలినట్టుగా ఉన్నది ఇదొక్కటే. నేను మీట లాగితే ఇదీ పోతుంది. లాగకపోతే ఎన్నేళ్లయినా వీడు ఇక్కడే, ఈ తొట్టి పక్కనే, ఆయన రేపు లాగుదామన్న మీటకి అడుగు దూరంలో నిలబడి ఉంటాడు, నాకెప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూసుకోవచ్చు. మాట తప్పితే ఎవరికి తెలుస్తుంది? కాకి ఎలాగూ తినేసింది. ఈ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది గానీ, వచ్చింది, నిజం. చాలాసేపు ఏదీ నొక్కకుండా వాణ్ణే చూస్తూ కూర్చున్నాను. వాడు మెడ గోక్కున్నాడు. ఆకాశం వైపు చూశాడు. గుడిసె ముందు సిద్ధాంతిగారు బండి చుట్టూ పచార్లు చేస్తున్నారు, చేతులు రుద్దుకుంటున్నారు, కొండ వైపు చూస్తున్నారు, మళ్లీ తిరుగుతున్నారు, పాపం ఆ శనివారం నుంచీ అలాగే తిరుగుతున్నట్టున్నారు. మా ఆయన ఈ ముసలాయన్ని ఇలా వదిలేసి ఉండేవారు కాదు.

అందుకని నొక్కాను. పలకరించే బొత్తాం అనుకున్నాను, తుపాకీ బయటికొచ్చింది. నేరుగా సిద్ధాంతిగారి గుండెకే గురిపెట్టి నిలబడ్డాడు మా వాడు. ముసలాయన రెండు చేతులూ పైకెత్తేశాడు, కళ్లద్దాలు వణుకుతున్నాయి, ఇంకో వేలు పొరపాటున తగిలితే అయిపోయింది, మా ఆయన ఇన్నాళ్ల కష్టం, తీగలూ జాడీలూ గంటా అంతా నా చేతిలో అయిపోయింది, ఇందులో చేసింది చేసిందే. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, చీరకి చేతులు తుడుచుకుని, స్కూల్లో పిల్లలకి చెప్పినట్టు నాకు నేనే చెప్పుకున్నాను, కంగారు పడకు, ఒక్కోటీ చూడు, ఇందాక ఏది నొక్కావు? అదే మళ్లీ మెల్లిగా నొక్కాను. తుపాకీ ఒరలోకి పోయింది. సిద్ధాంతిగారు క్షణంలో అంతా మరిచిపోయి నవ్వారు, కింద అక్షరాలు వచ్చాయి, ఇవాళ పడుతుంది, నా మాట నమ్ము అని. కంచరగాడిదని కట్టిన బండెక్కి కొండ వైపు తోలుకుపోతున్నారు. గుర్రమెక్కే బొత్తాం కూడా దొరికింది. వెనకే పోనిచ్చాను. ఓసారి కంచెకి గుద్దాను, ఓసారి దారి తప్పి వాగులో దిగాను, వాగంటే పేరుకే, చుక్క నీళ్లు లేవు, రాళ్లు, ఎర్రమట్టి, ఎక్కడికక్కడ ఖాళీ. నిజమేనండీ, కంటికి ఎంత దూరం కనపడుతుందో. మీరు పిలిచినప్పుడల్లా పేపర్లు దిద్దుకుంటూ ఊఁ అనేదాన్నే గానీ తల ఎత్తి సరిగ్గా చూడలేదు. పెళ్లయిన కొత్తలో అమలాపురం సినిమాకి వెళ్లి వస్తూ బోడసకుర్రు వంతెన మధ్యలో బండి ఆపేశారు, ఏమైందండీ పెట్రోలా అంటే, ఏం లేదు, కాసేపు ఆకాశం చూద్దాం, ఇక్కడైతే అడ్డం ఏమీ ఉండదు అన్నారు, నాకు చీర ఎగిరిపోతోంది, పదండి పదండి అంటున్నాను, వెనక బస్సు హారన్ కొడుతోంది, ఆయన మాత్రం రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఈ కొబ్బరి మధ్య పుట్టి కొబ్బరి అమ్ముకుంటూ బతికిన మనిషికి ఇంత ఖాళీ కావలసి వచ్చిందని ఎవరికి తెలుసు? తోట అమ్మం అని మాటిచ్చారు పెదమావగారు!

కొండ మీద యంత్రం నిలబెట్టారు. గొట్టం ఆకాశం వైపు, రాగి తీగ చుట్టలు, జాడీలు, పైన తలకిందులుగా ఆ చర్చి గంట. పక్కన మీట. సిద్ధాంతిగారు పక్కకి తప్పుకుని, నువ్వే లాగు, నా చేతులు వణుకుతున్నాయి అన్నారు. తెర మీద బొత్తాం బొమ్మ వచ్చింది, నొక్కి పట్టుకోమంది. నొక్కబోయి పక్కకి చూశాను. ఆయన చోటు ఖాళీ వదిలి కూర్చున్నాను, నాకు తెలియకుండానే. రండి, మీరన్నట్టే ఇద్దరం లాగుదాం అనుకున్నాను, కాదు, పైకే అన్నాను, నొక్కి పట్టుకున్నాను. మీట కిందికి దిగింది. గంట ఊగింది, జాడీల్లో నీలంగా ఏదో మెరిసింది, గొట్టంలోంచి పొగ పైకి పోయింది. అంతే. ఆకాశం ఎలా ఉందో అలాగే ఉంది. ముసలాయన మొహం పైకెత్తి నిలబడ్డాడు. మా వాడూ నిలబడ్డాడు. ఏమీ లేదు. సిద్ధాంతిగారి భుజాలు మెల్లిగా కిందికి జారాయి, కళ్లద్దాలు తీసి కోటుకి తుడుచుకున్నారు, మా ఆయన చూడలేనన్న మొహం ఇదే, నేనూ చూడలేను, దేవుడా, ఈ మాత్రం వాన కూడా పెట్టవా, టీవీలో వానకి నీ సొమ్మేం పోయింది అని దేవుడితో పోట్లాడుతున్నాను, అప్పుడు ఎర్రమట్టి మీద నల్లగా ఒక చుక్క. పక్కన ఇంకోటి. చెయ్యి నాకు తెలియకుండానే టీవీ గొంతు పెంచింది. వాన! హోరుమని వాన, కొండంతా మసకబారిపోయింది, గది నిండా ఆ చప్పుడు. ముసలాయన గంతులు వేశాడు, గుండ్రంగా తిరిగాడు, నోరు తెరిచి వాన తాగాడు, ఊళ్లో అందరికీ చెప్పాలని కేకలు వేస్తూ బండెక్కి కంచరగాడిదని అదిలించి దిగిపోయాడు. చివర్లో ఆ ముసలాయనకేదో అయిపోతుందని నేను లోపల్లోపల భయపడుతూనే ఉన్నాను, ఏమీ కాలేదు, ఎవరూ చావలేదు, సంతోషంగా వెళ్లిపోయాడు, మా వాడికి వస్తానని కూడా చెప్పలేదు. తెర మూల చిన్న చక్రం ఒకటి తిరిగింది. తిరిగి ఆగింది. శనివారం సాయంత్రం పోయింది. నీళ్లతొట్టి పక్కన ఎడమకాలు ముందుకేసి నిలబడ్డ మనిషి ఇక ఎక్కడా లేడు. ఆటో దిగినప్పుడు కూడా నేను ఇలా ఏడవలేదు, అప్పుడు చుట్టూ జనం, నీళ్లు తాగమనీ కూర్చోమనీ చేతులు పట్టుకునేవాళ్లు, ఇప్పుడు ఎవరూ లేరు, కొంగు నోట్లో కుక్కుకుని, వానచప్పుడు అడ్డం పెట్టుకుని, కడుపారా ఏడ్చాను.

"వానొచ్చేసిందేటమ్మా? దండెం మీద బట్టలున్నాయి" అంటూ అత్తగారు తలుపు తోశారు. పడుకున్నారనుకున్నాను, ఆవిడకి మాత్రం నిద్రెక్కడిది? నేను కళ్లు తుడుచుకుని, "మనకి కాదండి అత్తయ్యగారూ, టీవీలో" అన్నాను. గొంతు తగ్గించబోయాను గానీ చేతికి టీవీ రిమోట్ దొరకలేదు. ఆవిడ నన్ను చూశారు, టీవీని చూశారు. ఇప్పుడంటారు, పెద్దకర్మ నాడు ఇదేం పనమ్మా అని. ఆవిడ గోడ పట్టుకుని మెల్లిగా వచ్చి ఆయన చోట్లో కూర్చున్నారు, మోకాళ్ల నెప్పికి మూలుగుతూ.

"మావోడి ఆటేనా?"

"ఆయ్, అదేనండి."

"రోజూ అదేటో చూపిత్తానంటానే ఉండేవోడు. వంటింట్లో పని తెమిలితే కదా." కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఆ గుర్రం పక్కన నిలబడ్డదెవరమ్మా?"

అదొక బొమ్మ అని చెప్పొచ్చు. ఆటలో మనిషండి, మనం ఎటు నడిపిస్తే అటు నడుస్తాడు అని వివరంగా చెప్పొచ్చు, లెక్కల టీచర్ని, వివరంగా చెప్పడమే నా బతుకు. "ఆయనేనండి" అన్నాను.

అత్తగారు ముందుకి వంగారు. కళ్లజోడు పక్కగదిలో ఉండిపోయినట్టుంది, కళ్లు చిట్లించి, తెరకి దగ్గరగా మొహం పెట్టి, పచ్చచొక్కా వాణ్ణి పైనుంచి కిందిదాకా చూశారు. కొండ మీద వాన అలాగే కురుస్తోంది, వాడు టోపీ అంచు నుంచి నీళ్లు కారుతుంటే కదలకుండా నిలబడి ఉన్నాడు, నేను ఏదీ నొక్కలేదు కనక వాడికెటు వెళ్లాలో తెలియదు.

"చిక్కిపోయేడు" అన్నారు. "గెడ్డం కూడా గీసుకోలేదు."

నేను కొంచెం జరిగి ఆవిడకి తెర బాగా కనపడేలా కూర్చున్నాను.

"తడిసిపోతన్నాడేంటమ్మా అలా నిలబడి! ఒంటి మీద వానచుక్క పడితే వాడికి రొంప పట్టేత్తాది, చిన్నప్పట్నుంచీ అంతే. ఎక్కడన్నా చూరు కిందకి తీసుకెళ్లమ్మా."

ఆట రిమోట్ తీసుకున్నాను. గుర్రమెక్కించాను. ఎటు తిప్పినా రాళ్లే, మసకగా వాన, ఇల్లన్నది లేదు.

"అల్లదిగో, అటేదో కనపడతంది" అని అత్తగారు తెర మీద వేలు పెట్టి చూపించారు.

"అది బండరాయండి."

"అయితే ఇంకా ముందుకి పోనీ" అన్నారు, నా మోకాలి మీద చెయ్యి వేసి. గుర్రాన్ని ముందుకి పోనిచ్చాను.